విరిగిన స్వరం: అబ్బాసుద్దీన్ అహ్మద్ గానకళ

హిమాలయాల పాదసీమ నుండి దిగివచ్చే తీస్తా, తోర్షా, కాల్జానీ, రాయ్‌డాక్ నదులు ఉత్తర వంగదేశపు మైదానాలను తడుపుతూ బ్రహ్మపుత్ర వైపు సాగిపోతాయి. కూచ్‌బిహార్, రంగపూర్, జల్పాయిగురి, అస్సాములోని గోవాల్‌పాడా, ఇవన్నీ ఆ నేలలోనివే. పూర్వం అక్కడి గడ్డి బీళ్ళలో కాపరులు ఇల్లు విడిచి గేదెలను మేపుకొంటూ ఉండేవారు. బండివాండ్రు ఎడ్ల బండ్లపై సరుకు వేసుకొని దూరపు సంతలకు పోయేవారు. గోవాల్‌పాడా అడవులలో మావటివాండ్రు ఏనుగులను పట్టి మచ్చిక చేసేవారు. ఇట్లు పోయినవారి కొరకు ఇంటివద్ద ఎదురుచూచే స్త్రీ వేదనయే ఆ ప్రాంతపు పాటకు ప్రధానవస్తువైనది. ఆ పాటకు భావైయా అని పేరు. భావము అనే మాట నుండి ఈ పేరు వచ్చినదని కొందరు, పల్లపు గడ్డినేలను తెలిపే దేశ్యపదం నుండి వచ్చినదని మరికొందరు చెబుతారు. పాటలోని మాట స్త్రీది. పాడేవాడు తరచుగా పురుషుడు. తనకొరకు ఏడ్చే స్త్రీ మాటలను ఆ బండివాడే దారిపొడుగునా పాడుకొంటూ పోవడం ఈ గేయసంప్రదాయంలోని విశేషం.

భావైయాను తక్కిన వంగ జానపదగానం నుండి వేరుచేసే లక్షణం ఒకటి కలదు. రాగం పైస్థాయికి పోయినప్పుడు గాయకుని గొంతు ఒక్కసారిగా విరుగుతుంది. ఆ విరుపులో హకారం వంటి ఊపిరి ధ్వని వినబడి, స్వరం రెండు ముక్కలై మరల అతుక్కొంటుంది. గతుకుల బాటలో బండి కుదుపునకు పాడేవాని గొంతు విరిగేదనీ, అదియే క్రమంగా గానశైలిగా నిలిచినదనీ ఆ ప్రాంతంవారు చెప్పుకొంటారు. ఈ వివరణ మనోహరమైనదే కాని, అంతటితో సరిపెట్టుకొనుటకు వీలులేదు. బండి ఎక్కడనైనా కుదుపవచ్చును. పాటలోని విరుపు మాత్రం దుఃఖం నిలిచే చోటనే వస్తుంది. శాస్త్రీయ సంగీతం నేర్పే గురువు దానిని గొంతులోని దోషమని దిద్దబూనవచ్చును. భావైయాకు అది వ్యాకరణం వంటిది. ఈ దోషాన్ని దిద్దకుండా కలకత్తా నగరంచేత వినిపించుకొన్న గాయకుడు అబ్బాసుద్దీన్ అహ్మద్.

ఆయన 1901 అక్టోబరు 27న కూచ్‌బిహార్ సంస్థానంలోని తూఫాన్‌గంజ్ ప్రాంతపు బలరాంపూర్ గ్రామంలో జన్మించినారు. తండ్రి జాఫర్ అలీ అహ్మద్ న్యాయవాది. ఇంటిలో చదువు ఉన్నది, కొంత కలిమి ఉన్నది. సంగీతం నేర్పే గురువు మాత్రం లేడు. పొలాలలో నాగలి పట్టిన రైతులు, కలుపుతీసే కూలీలు పాడే పాటలను విని బాలుడు వాటిని అట్లే గొంతులో నిలుపుకొన్నాడు. ఊరికి వచ్చే యాత్రా నాటకాల పాటలు రెండవ పాఠశాలయైనవి. చూచి నేర్చినది కాక విని నేర్చిన విద్య కావడంచేత, పాటతోపాటు పాడేవాని ఊపిరి, నడక, పలుకుబడి కూడ ఆయనకు అబ్బినవి. గొంతు విరుపు ఎవరో చెప్పిన అలంకారం కాదు. మాతృభాషలోని యాస వచ్చినట్లే వచ్చినది.

తరువాత కలకత్తా చేరినప్పుడు ఆ నగరం ఆయన ఎదుట మరొక సంగీతాన్ని ఉంచినది. ఠుమ్రీ గానంలో పేరుగాంచిన ఉస్తాద్ జమీరుద్దీన్ ఖాన్ వద్ద ఆయన కొంతకాలం శిక్షణ పొందినారు. తొలుత గ్రామఫోను కంపెనీకి పాడినవి కూడ పల్లెపాటలు కావు; కూచ్‌బిహార్ మిత్రుడు శైలేన్ రాయ్ రచించిన ఆధునిక గేయాలు. శ్రావ్యమైన గొంతు, స్పష్టమైన ఉచ్చారణ గల యువగాయకునిగా నగరం ఆయనను ఆదరించినది. ఆ దారిననే నడచి ఉంటే ఆయన ఆనాటి పెక్కుమంది గాయకులలో ఒకరుగా మిగిలిపోయి ఉండేవారేమో. మలుపు తిప్పినది కవితోడి స్నేహం.

కాజీ నజ్రుల్ ఇస్లాం ఆ కాలంలో గ్రామఫోను కంపెనీలో పాటలు వ్రాసి, బాణీలు కట్టి, గాయకులకు నేర్పుతూ ఉండినారు. బెంగాలీలో ఇస్లామీయ గీతాలు రికార్డుగా రావాలని అబ్బాసుద్దీన్ ఆయనను కోరినారు. కంపెనీలో ఆ వ్యవహారం చూచే భగవతీ భట్టాచార్య మొదట అంగీకరించలేదు. అట్టి పాటలు అమ్ముడుపోవని ఆయన భయం. దాదాపు ఆరు నెలల తరువాత ఒప్పుకొన్నారు. ఆ వార్త చెప్పుటకు అబ్బాసుద్దీన్ పోయినప్పుడు నజ్రుల్ గాయని ఇందుబాలకు పాట నేర్పుతూ ఉన్నారు. ఆమెను ఇంటికి పంపి, తాంబూలం, తేనీరు తెప్పించుకొని, తలుపు వేసుకొని, అరగంటలో రంజాన్ ఉపవాసాల ముగింపును కీర్తించే గీతం వ్రాసినారు. నాలుగు రోజులలో రికార్డింగు జరిగినది. పాట పూర్తిగా కంఠస్థం కానందున కవియే కాగితాన్ని గాయకుని కన్నులకు ఎదురుగా పట్టుకొని నిలిచినారట. 1932 ఈద్ పండుగనాటికి ఆ రికార్డు వెలువడినది. పండుగకు స్వగ్రామం పోయి తిరిగివచ్చిన గాయకుడు, కలకత్తా ట్రాములో ఒక యువకుడు ఆ పాటను కూనిరాగం తీయగా విని ఆశ్చర్యపోయినట్లు స్వీయచరిత్రలో వ్రాసుకొన్నారు. ఆ గీతం నేటికీ వంగముస్లిముల ఈద్ పండుగలో విడదీయరాని భాగమై ఉన్నది.

ఈ విజయంలో ఒక సామాజిక విషయం ఇమిడి ఉన్నది. రికార్డుపై ముస్లిం పేరు ఉంటే హిందూ శ్రోతలు కొనరనే భయం ఆనాడు ఉండేది. ముహమ్మద్ కాసిం అనే ప్రసిద్ధ గాయకుడు కె. మల్లిక్ అనే పేరుతో శ్యామాగీతాలు పాడినారు. అబ్బాసుద్దీన్ తన పేరు మార్చుకొనలేదు. ఇస్లామీయ గీతాలకు గిరాకీ పెరిగిన తరువాత పరిస్థితి తిరగబడినది: ధీరేన్ దాస్ గనీ మియా పేరుతోను, గిరీన్ చక్రవర్తి సోనా మియా పేరుతోను ఆ పాటలు పాడినారు. అంగడికి పేర్లు కావలసి వచ్చినవి. పాటకు గొంతు చాలినది.

అయినను అబ్బాసుద్దీన్ మనస్సు తన ఊరి పాటపైననే ఉండెను. కూచ్‌బిహార్ మాండలికం కలకత్తా నాగరికులకు సులభంగా బోధపడేది కాదు. మొదట స్నేహితుడే వంతెన కట్టినాడు. అబ్బాసుద్దీన్ పాడిన రెండు భావైయాలను విని, ఆ బాణీలకు నజ్రుల్ సాధుసుందరమైన బెంగాలీ మాటలు కూర్చినారు. తోర్షా నది తీరపు పాట పద్మదిఘీ అనే తామరకొలను తీరపు పాటయైనది. కచువా నది పేరు అంజనగా మారినది. బాణీ నగరం చేరినది కాని నదుల పేర్లు దారిలో జారిపోయినవి. అంతటితో తృప్తిపడక అబ్బాసుద్దీన్ మూలగేయాలను మాండలికంలోనే రికార్డు చేసినారు. బండివానిని పిలిచే పాట, వలలో చిక్కిన కొంగ విలపించే పాట, తమ నదుల పేర్లతో, తమ పలుకుబడితో, గొంతు విరుపుతో సహా వంగదేశమంతటా వినబడినవి. మాట అర్థం కానివారికి కూడ విరుపు అర్థమైనది.

ఈ గానంలో ఆయన ఒంటరి కాదు. తూర్పు వంగదేశపు పడవపాట అయిన భాటియాలి, గురువును స్తుతించే ముర్షీదీ గీతాలు ఆయనకు కవి జసీముద్దీన్ ద్వారా దగ్గరైనవి. కలకత్తా విశ్వవిద్యాలయం పక్షాన పల్లెపాటలు సేకరించిన ఆ కవి, తాను విన్నవాటిని, వాటి పోకడలో తాను వ్రాసినవాటిని అబ్బాసుద్దీన్ కంఠానికి అప్పగించినారు. ఫరీద్‌పూర్ ప్రాంతంవాడైన కానాయిలాల్ శీల్ దోతారా వాయించేవారు. దోతారా మీటు వాద్యం. దాని చిన్న చిన్న దెబ్బలు ఆగక నడుస్తూ ఉంటే, వాటిపై గాయకుని దీర్ఘస్వరం పరచుకొని, విరిగి, మరల నిలదొక్కుకొనేది. ఉత్తరాది గాయకుడు, ఫరీద్‌పూర్ కవి, ఫరీద్‌పూర్ వాద్యకారుడు కలిసినందున, ఒక్కొక్క నదీతీరానికి పరిమితమై ఉండిన పాట వంగదేశమంతటికీ ఉమ్మడి సొత్తయినది. ఎ. కె. ఫజ్లుల్ హక్ వంటి నాయకుల బహిరంగసభలలోను అబ్బాసుద్దీన్ పాడినారు. ఆ వేదికలపై ఆయన ఒక సమాజపు జాగృతికి గొంతైనారు. భావైయాలో మాత్రం హిందూ రాజవంశీ రైతుకు, ముస్లిం రైతుకు సమానంగా చెందిన దుఃఖాన్ని పాడినారు. ఈ రెండింటికి నడుమ ఉన్న ఒత్తిడిని కాలమే బయటపెట్టినది.

1942లో నజ్రుల్ వ్యాధిపాలై మాట కోల్పోయినారు. 1947లో దేశం రెండైనది. అబ్బాసుద్దీన్ ఢాకా చేరి ప్రభుత్వ సమాచార ప్రసార శాఖలో గేయప్రచార ఉద్యోగంలో పనిచేసినారు. కూచ్‌బిహార్ సంస్థానం 1949లో భారతదేశంలో చేరి, 1950 జనవరి 1 నుండి పశ్చిమ బెంగాలులో జిల్లా అయినది. రంగపూర్ పాకిస్తాన్ వైపు పోయినది. గోవాల్‌పాడా అస్సాములోనే ఉన్నది. తోర్షా, కాల్జానీ తీరాల పాటలు పాడే గాయకునికి ఆ తీరాలే పరదేశమైనవి. దూరమైపోయిన బండివాని కొరకు ఏడ్చే స్త్రీ పాటను ఆయన ఢాకాలో పాడినప్పుడు, విన్నవారికి అందులో గాయకుని సొంత ఎడబాటు కూడ స్ఫురించి ఉండవచ్చును.

1955లో మనీలాలోను, 1956లో జర్మనీలోను జరిగిన సంగీత సమ్మేళనాలలో ఆయన పాల్గొన్నారు. 1957లో రంగూనులో జరిగిన ప్రవాస వంగసాహిత్య సమ్మేళనానికి కూడ వెళ్ళినారు. చివరి సంవత్సరాలలో రోగపీడితులై స్వీయచరిత్ర వ్రాసినారు. 1959 డిసెంబరు 30న ఢాకాలో మరణించినారు. గ్రంథం 1960లో వెలువడినది. కుమార్తె ఫిర్దౌసీ రహమాన్ 1964 డిసెంబరు 25న ఢాకా టెలివిజను ప్రారంభమైననాడు పాడినారు. కుమారుడు ముస్తఫా జమాన్ అబ్బాసీ భావైయాలను సేకరించి ప్రచురించినారు. 1981లో బంగ్లాదేశ్ ప్రభుత్వం అబ్బాసుద్దీన్‌కు మరణానంతరం స్వాధీనతా పురస్కారం ఇచ్చినది.

కూచ్‌బిహార్‌లోను రంగపూర్‌లోను నేడు భావైయా పాడేవారి మధ్య సరిహద్దు ఉన్నది. వారి పాటలోని విరుపు మాత్రం ఒకే చోట వస్తుంది. బండ్లు పోయినవి, బీళ్ళు చాలవరకు సాగునేలలైనవి. బండి కుదుపే ఆ విరుపునకు కారణమైతే, బండితోపాటు అదియు పోవలసినది. ఏడు నదుల నీటికి గల ఊట ఏదో ఆ పాటకు ఇంకను మిగిలియున్నది. దానిని దిద్దక, దాచక, తన పేరుతో లోకానికి వినిపించిన కంఠం పాత రికార్డులలో నేటికీ విరుగుతూనే ఉన్నది.