రేవు పోయాక ఉప్పు

పోర్ట్ హార్కోర్ట్ పతనం గురించి సైనిక చరిత్రల్లో చదివితే చమురు, ఓడలు, కల్నల్ అడెకున్లే ప్రతాపం కనిపిస్తాయి. నాకా ఊరు పరిచయమైంది మాత్రం ఇగ్బో రచయిత్రి ఫ్లోరా న్వాపా నవల ‘నెవర్ అగైన్’ (1975)లో. కథ చెప్పే కేట్ పిల్లల్నీ సామాన్నీ వెంటేసుకుని ఊరి నుంచి ఊరికి పరిగెడుతూ వుంటుంది. ఆమె వదిలొచ్చిన ఊళ్లలో పోర్ట్ హార్కోర్ట్ ఒకటి.

1967 మే 27న గోవన్ ప్రభుత్వం నైజీరియాను 12 రాష్ట్రాలుగా విడగొట్టింది. చమురులో ఎక్కువ భాగం, పెద్ద రేవూ ‘రివర్స్’ రాష్ట్రానికి పోయాయి. మూడు రోజులకే ఒజుక్వు బయాఫ్రా స్వాతంత్ర్యం ప్రకటించాడు. జులై 6న యుద్ధం మొదలైంది. ఆ నెలాఖరుకల్లా కేంద్ర సైన్యం బోనీ దీవిలో దిగింది. చమురు ఓడల్లోకెక్కేది అక్కడే. ఇక పోర్ట్ హార్కోర్ట్‌లో రేవున్నా, ఓడకి దారి లేదు. 1968 మేలో ఆ ఊరూ, దాని పక్కనున్న చమురుశుద్ధి కర్మాగారమూ పోయాయి. బయాఫ్రాకి సముద్రమే లేకుండా పోయింది.

సముద్రం పోతే వంటింట్లో మొదట కరువయ్యేది ఉప్పు. తర్వాత ఎండుచేప. మాంసకృత్తులు అందక పిల్లలకి క్వాషియార్కర్ వచ్చింది. కాళ్లు వాచి, జుట్టు రంగుమారిన ఆ పిల్లల ఫొటోలే ప్రపంచానికి తెలిసిన బయాఫ్రా. ఉప్పు కోసం సైన్యాల కళ్లుగప్పి అవతలి సంతలకి నడిచి వెళ్లింది ఎక్కువగా ఆడవాళ్లే. ‘అఫియా’ అంటే అంగడి. ఆ ప్రయాణాలకి ‘అఫియా అటాక్’ అని పేరొచ్చింది. దొరికితే తుపాకి గుండు, లేదా అత్యాచారం. దీన్ని దొంగవ్యాపారమని ఒక్క వాక్యంలో తేల్చేసే పుస్తకాలంటే నాకు ఒళ్లుమంట. చిమమాండా అడిచీ నవల ‘హాఫ్ ఆఫ్ ఎ ఎల్లో సన్’ (2006)లో, పోర్ట్ హార్కోర్ట్‌లో తండ్రి వ్యాపారాలు నడిపిన కైనేనే అలాగే సరుకుల కోసం వెళ్తుంది. తిరిగి రాదు.

మనకి నూనె వేరు, చమురు వేరు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. 1885లో బ్రిటిష్ వాళ్లు ఈ తీరాన్ని ‘ఆయిల్ రివర్స్’ అన్నది పామాయిల్ని చూసి. ఆ నూనె తీసే చాకిరీలో ఎక్కువ పాలు ఆడవాళ్లదే. తమ మీదా పన్ను పడబోతోందని 1929లో వాళ్లు తిరగబడితే 50 మందికి పైగా కాల్చి చంపారు. వాళ్లు దాన్ని ‘ఆడవాళ్ల యుద్ధం’ అన్నారు. ప్రభుత్వం ‘ఆబా అల్లర్లు’ అని రాసుకుంది.

అయితే ఈ కథని ఇగ్బోల వైపు నుంచే చెప్తే అన్యాయం. రేవు చుట్టూ ఉన్న ఇజా, ఒగోనీ, ఇక్వెరె జనాల్లో చాలామందిని బయాఫ్రా ద్రోహులుగా అనుమానించింది. ఒగోనీ రచయిత కెన్ సారో-వివా కేంద్రం తరఫున బోనీలో పాలనాధికారిగా పనిచేశాడు. అతని ‘సొజాబాయ్’ (1985)లో సైన్యంలో చేరిన కుర్రాడి తల్లీ, భార్యా ఊళ్లోనే బాంబుకి చచ్చిపోతారు. చమురు కంపెనీల కాలుష్యాన్ని ఎదిరించిన సారో-వివాని 1995లో సైనిక ప్రభుత్వం ఉరితీసింది.

1970 జనవరిలో యుద్ధం ముగిసింది. పోర్ట్ హార్కోర్ట్‌లో ఇగ్బోలు వదిలిపోయిన ఇళ్లని ‘విడిచిపెట్టిన ఆస్తి’ అన్నారు. తిరిగొచ్చిన వాళ్లకి వాటిలో వేరే కుటుంబాలు వండుకుంటూ కనిపించాయి.