పాచికలను వీడిన చతురంగము

ఋగ్వేద దశమ మండలంలోని 34వ సూక్తానికి అక్షసూక్తమని ప్రసిద్ధి. సర్వస్వమూ కోల్పోయిన ద్యూతకారుని ఆక్రందన అది. ఆలి దూరమైంది, అత్తవారింట ఆదరం పోయింది. అయినా విభీతక కాయల సవ్వడి చెవిన పడగానే అతని అడుగులు ద్యూతశాల వైపే సాగుతాయి. ఆ సూక్తం మొదలు నలోపాఖ్యానం దాకా, అటుపై కురుసభ దాకా, మన ప్రాచీన వాఙ్మయంలో క్రీడ అనగానే ముందుగా వినవచ్చేది పాచికల చప్పుడే.

ధర్మరాజు ఆడి ఓడినది చదరంగమని నేటికీ కొందరు విశ్వసిస్తారు. అది సరికాదు. మహాభారతంలో చతురంగమంటే రథ గజ తురగ పదాతులతో కూడిన సేన. శకుని చేతిలో ఉన్నవి అక్షాలు. ఈ భేదాన్ని విస్మరిస్తే భారతీయ మేధ సాధించిన ఒక గొప్ప పరిణామమే మన దృష్టికి అందకుండా పోతుంది.

ఫలకం మాత్రం అతి ప్రాచీనం. వరుసకు ఎనిమిదేసి గళ్ళు గల అష్టాపదాన్ని పతంజలి మహాభాష్యం ఎరుగును; బౌద్ధుల బ్రహ్మజాల సుత్తం శ్రమణులకు తగని వినోదాలలో దానిని పేర్కొన్నది. ఆ ఫలకంపైకి సేన దిగిందనడానికి 7వ శతాబ్దిలో బాణభట్టుని హర్షచరిత్ర సాక్ష్యం. హర్షుని పాలనలో క్రూరదండనలు లేవని చెప్పడానికి బాణుడు ఒక శ్లేష కూర్చాడు. చతురంగకల్పన అంటే కాలుసేతులు నాలుగింటిని ఖండించడమనీ, నాలుగంగాల సేనను తీర్చడమనీ రెండర్థాలు. ఆ రాజ్యంలో అది అష్టాపద ఫలకాలపై తప్ప మరెక్కడా లేదని కవి చమత్కారం. శ్లేష పండాలంటే శ్రోతకు విషయం ముందే తెలిసి ఉండాలి కదా! కాబట్టి ఆనాటి విద్వత్సభలకు ఈ ఆట సుపరిచితమే అయి ఉండాలి.

ఇదే ఆట పారసీక దేశం చేరిన వృత్తాంతాన్ని ఒక చిన్న పహ్లవీ గ్రంథమూ, తరువాత ఫిర్దౌసీ షాహ్‌నామా కూడా చెబుతాయి. భారతరాజు ఒకడు ఖుస్రో అనూషీర్వాన్ ఆస్థానానికి ఈ ఆటను పంపి, దీని మర్మం విప్పండని సవాలు చేశాడట. బుజుర్గ్‌మిహ్ర్ అనే మంత్రి దానిని విప్పి, బదులుగా నర్ద్ అనే పాచికల ఆటను కల్పించాడట. దానిలోని ముప్పది కాయలు మాసంలోని ముప్పది దినాలు. పాచికల దొర్లుడు నక్షత్రమండల పరిభ్రమణం. ఇది కథే కావచ్చు, కాని ఈ కథలో రెండు దర్శనాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. 10వ శతాబ్ది అరబ్బు చరిత్రకారుడు మసూదీ ఈ భావాన్నే నమోదు చేశాడు: చదరంగాన్ని కల్పించినవాడు మానవ సంకల్పస్వేచ్ఛను నమ్మినవాడు, నర్ద్‌ను కల్పించినవాడు విధివాది. మన పరిభాషలో ఇవి పురుషకారమూ దైవమూ. యోగవాసిష్ఠంలోని ముముక్షువ్యవహార ప్రకరణంలో వసిష్ఠుడు రామునికి చేసే బోధ ఈ రెండింటి గురించే. పూర్వకృత పౌరుషమే దైవమని ఆయన నిర్ణయం. చదరంగ ఫలకం ముందు కూర్చున్నవాడు దీనిని ప్రత్యక్షంగా అనుభవిస్తాడు. ఇరవయ్యవ ఎత్తులో మీదపడిన ఆపద విధివశాన వచ్చినది కాదు, ఐదవ ఎత్తులో తన చేయి చేసినదే.

అయితే పాచికలు అంత సులభంగా వీడలేదు. నలుగురు కూర్చుని పాచికలు వేస్తూ ఆడే చతురంగాన్ని 11వ శతాబ్దిలో అల్‌బిరూనీ వర్ణించాడు. 16వ శతాబ్ది వంగదేశపు రఘునందనుని తిథితత్త్వంలో ఆ ఆటను వ్యాసుడు ఉపదేశిస్తాడు. ఎవరికి? సాక్షాత్తూ యుధిష్ఠిరునికే! ఆ శ్రోతను ఎన్నుకున్నవాని హాస్యప్రియత్వాన్ని మెచ్చుకోవలసిందే.

ఈ ఆట మన సాహిత్యంలో చేరుకున్న శిఖరం మరొకటి. అనుష్టుప్పుకు పాదానికి ఎనిమిది చొప్పున ముప్పదిరెండు అక్షరాలు. అంటే సరిగ్గా సగం ఫలకం. 9వ శతాబ్దిలో రుద్రటుడు కావ్యాలంకారంలో తురగపదబంధాన్ని చూపాడు: గడికొక అక్షరం ఉంచి, గుర్రపు నడకలో చదివినా అదే శ్లోకం వస్తుంది. అక్షరాలు మళ్ళీమళ్ళీ వచ్చేలా కూర్చితే గాని ఇది సాగదు. అర్థం కొంత నలుగుతుంది. శ్రీరంగనాథుని పాదుకలను 1008 శ్లోకాలలో స్తుతించిన వేదాంతదేశికులు పాదుకాసహస్రంలోని చిత్రపద్ధతిలో ఇంకా పైమెట్టు ఎక్కారు. ఒక శ్లోకాన్ని గళ్ళలో ఉంచి అశ్వగతిలో చదివితే వచ్చేది మరో శ్లోకం, అదీ పాదుకాస్తుతియే. ఏ గడినీ విడువకుండా, ఏ గడినీ రెండవమారు తొక్కకుండా గుర్రం ముప్పదిరెండింటినీ చుట్టిరావాలి. ఐరోపాలో ఆయిలర్ మహాశయుడు 1759లో ఈ అశ్వసంచార సమస్యను గణితశాస్త్ర దృష్టితో పరిశీలించాడు. దేశికులు 14వ శతాబ్దివారు. శరణాగతిని బోధించిన ఆచార్యుడే, కేవల బుద్ధిబలంతో సాగే క్రీడనుండి స్తోత్రాన్ని అల్లడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

దేశాంతరాలలో సేన రూపురేఖలు మారాయి. ఒకనాడు మూలగా ఒక్క అడుగే వేసిన మంత్రి 15వ శతాబ్ది చివర స్పెయిన్, ఇటలీ దేశాలలో అపార శక్తి గల రాణి అయ్యాడు. అరబ్బుల ఏనుగు ఇంగ్లండులో మతాధికారి అయింది. మనం మాత్రం ఆ రాణిబలాన్ని స్వీకరించి కూడా మంత్రి అనే పిలుస్తున్నాం. మూలగా నడిచేది మనకు శకటు.

గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2024లో ప్రపంచ ర్యాపిడ్ కిరీటాన్ని రెండవసారి గెలిచింది. అదే డిసెంబరులో చెన్నైలోని తెలుగు కుటుంబానికి చెందిన దొమ్మరాజు గుకేశ్ పద్దెనిమిదేళ్ళకే సింగపూరులో విశ్వవిజేత అయ్యాడు. అటువంటి మహాపోటీలలోనూ ఒక్క విషయాన్ని మాత్రం బుద్ధికి వదలరు. మొదటి ఆటలో తెల్లపావులు ఎవరివో నేటికీ చీటీ తీసే నిర్ణయిస్తారు.