రోమునకుఁ బోవు దారి

ఇటలీ యాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని నన్ను కోరిరి. మన పూర్వులకు యాత్ర యనఁగా కాశీరామేశ్వరములే. నేఁడు పిల్లలు దూరదేశములలో ఉద్యోగములు చేయుచుండుటచేత పల్లెలలోని పెద్దలు సయితము విమానమెక్కి ఐరోపాఖండమునకుఁ బోవుట వింత కాదు. నేనును మా అబ్బాయి పిలువఁగా ఒక వసంతమున ఇటలీలో పదునాలుగు దినములు తిరిగి వచ్చితిని. బయలుదేరుటకు ముందు నాకుఁ గలిగిన సందేహములు మీకును గలుగునవే. ఎన్నాళ్లుండవలెను? ఏ ఋతువునఁ బోవలెను? జనసమ్మర్దమున ఎట్లు మెలఁగవలెను? ఏయే పత్రములు కావలెను? పాత యాత్రాగ్రంథములు తిరుగవేయఁగా, వేయి సంవత్సరములుగా యాత్రికులు ఈ ప్రశ్నలనే అడుగుచున్నారనియు, ఒక్కొక్క సమాధానమునకు వెనుక ఎవరో పడిన కష్టము కలదనియు తెలిసినది.

క్రీ.శ. 990లో ఇంగ్లాండులోని కాంటర్బరీ ప్రధాన మతగురువు సిజెరిక్కు అనునతఁడు, తన పదవికిఁ జిహ్నమైన ఉన్నివస్త్రమును పోపుగారి చేతినుండి గ్రహించుటకై రోమునకుఁ బోయెను. తిరుగు ప్రయాణమున తాను దిగిన మజిలీల పేర్లు వ్రాయించి యుంచెను. అవి సుమారు 80. ఆ జాబితా నేఁటికిని నిలిచియున్నది. కాలినడకన రోమునకుఁ బోఁగోరువారు ఆ దారినే పట్టుచున్నారు. నెలల తరబడి నడచిన ఆ మహానుభావుఁడు రోములో రెండు మూఁడు దినములలో 23 దేవాలయములు దర్శించెనఁట! ఎంత శ్రమకు ఎంత తొందర! మనము నేఁడు ఒక పగటిలో రోము చేరుచున్నాము గాని, తొందర మాత్రము విడువలేదు. వారము దినములలో ఆరు పట్టణములు చూపుదుమను వారి మాట వినవలదు. పది దినములున్నచో రోమునకు నాలుగు, ఫ్లారెన్సునకు మూఁడు, వెనీసునకు రెండు చాలును. మిగిలిన దినము ప్రయాణమునకుఁ బోవును. రోమునుండి ఫ్లారెన్సునకు వేగముగాఁ బోవు రైలు గంటన్నరలోఁ జేర్చును; అచ్చటినుండి వెనీసునకు రెండు గంటల పైచిలుకు. రోములో దిగి వెనీసునుండియే తిరిగి విమానమెక్కునట్లు టిక్కెట్లు కొనినచో వచ్చిన దారినే మరలఁబోవు శ్రమ తప్పును.

ఇఁక జనసమ్మర్దము. 1300లో ఎనిమిదవ బోనిఫేసు పోపు మొట్టమొదటి జూబిలీ పుణ్యవత్సరమును ప్రకటించెను. ఆ యేఁట రోమునకు వచ్చిన జనము అపారము. టైబరు నదిపై చక్రవర్తి హేడ్రియను కట్టించిన పాత వంతెనయొకటి కలదు. దానిపై జనమును రెండు పాయలుగాఁ జీల్చి, పోవువారు ఒక ప్రక్కను, వచ్చువారు వేఱొక ప్రక్కను నడచునట్లు రోమువారు ఏర్పాటు చేసిరి. మహాకవి డాంటే తన కావ్యములోని నరకవర్ణనమున ఈ వంతెన నడకనే ఉపమానముగాఁ దెచ్చెను. ఆ మంచి యేర్పాటు ఎల్లకాలము నిలువలేదు. 1450 జూబిలీలో, డిసెంబరు నెల నొక సాయంకాలము, ఆ వంతెనమీఁదనే త్రొక్కిడి జరిగి సుమారు 200 మంది నలిగియు, నీటఁబడియు మరణించిరి. తరువాత పోపు ఐదవ నికొలసు వంతెన మొగనున్న ఇండ్లు పడఁగొట్టించి దారి వెడల్పు చేయించెను. నేనా వంతెనమీఁద నిలిచినప్పుడు 2015 జూలై 14న రాజమహేంద్రవరమున గోదావరి పుష్కరముల తొలి దినపు త్రొక్కిడియే నా కనులయెదుట మెదలినది. మా బంధువుల ఇంటి ముసలమ్మ ఒకతె ఆ రేవుననే, నాలుగడుగుల దూరమున, తప్పించుకొని బ్రతికినది. ఆమె చెప్పిన సంగతియు, ఆ నాఁటి రోము చరిత్రకారులు చెప్పిన సంగతియు ఒక్కటే: ముందున్నవారికి వెనుక జరుగునది తెలియదు, వెనుకవారికి ముందు జరిగినది తెలియదు.

1475 మొదలు జూబిలీ ఇరువదియైదేండ్ల కొకసారి వచ్చుచున్నది. 2025 అట్టి సంవత్సరమే. ఆ యేఁడులు తప్పించుకొనుట మేలు. మఱి యే యేఁటఁ బోయినను, వాటికను చిత్రశాలలకును, కొలోసియమను ప్రాచీన రంగస్థలమునకును గంట నిర్ణయించిన చీట్లు ముందుగా ఇంటినుండియే కొనుఁడు. మిలానులో లియొనార్డో వ్రాసిన ప్రభువు కడపటి భోజనచిత్రమును చూడనిచ్చునది పావుగంటయే. దానికి వారములకు ముందే చీటి దొరకుట దుర్లభము. వాటికను చిత్రశాలలు నెలలోని కడపటి ఆదివారము దక్క తక్కిన ఆదివారములు మూసియుండును. ఫ్లారెన్సులోని ఉఫీజీ సోమవారము మూసియుండును. నేను సోమవారమే పోయితిని! తప్పు నాదే, ముందుగా విచారింపలేదు. మఱునాఁడు లోనికిఁ బోయి ఆ చిత్రములను జూచినప్పుడు, అవి అచ్చటనే యుండుటకుఁ గారణమైన స్త్రీని తలఁచుకొంటిని. మెడిచీ వంశమున కడపటిదైన అన్నా మరియా లూయీసా 1737లో తమ కుటుంబపు కళాసంపదనంతయు ఫ్లారెన్సునుండి కదలింపరాదను నిబంధనతో రాజ్యమునకు వ్రాసియిచ్చెను. పరదేశీయులు చూడవత్తురు అను మాట సయితము ఆ పత్రములోఁ గలదు. అట్టి ముందుచూపు గల స్త్రీలు అరుదు. పురుషులు మఱింత అరుదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఋతువు. మలేరియా యనునది ఇటలీ భాషాపదము. చెడుగాలి యని దాని అర్థము. రోము చుట్టునున్న పల్లపు బురదనేలలనుండి వేసవిలో లేచు గాలియే జ్వరమునకుఁ గారణమని శతాబ్దములు నమ్మిరి. అందుచేతనే ఇంగ్లాండునుండి చదువు ముగించి ఇటలీ చూడవచ్చు జమీందారుల కుమారులు చలికాలము రోములో గడపి, ఎండలు ముదురకముందే ఉత్తరమునకుఁ దరలిపోవుచుండిరి. తరలనివారిలో ఎందఱో తిరిగి ఇల్లు చేరలేదు. మరియానా స్టార్కి అను ఇంగ్లీషు వనిత ఆ కాలమునకుఁ బ్రసిద్ధమైన యాత్రామార్గదర్శిని వ్రాసినది. ఆమె తండ్రి కుంఫిణీ కొలువున చెన్నపట్టణపు సీమలోఁ బనిచేసినవాఁడు. బాగుగనున్న చిత్రమునకు ఎదురుగా ఆశ్చర్యార్థకపు గుర్తులు వేయుట, మఱింత బాగుగనున్నచో ఇంకను ఎక్కువ వేయుట ఆమె పద్ధతి. యాత్రికుఁడు వెంటఁదీసికొని పోవలసిన వస్తువులలో తోలు దుప్పట్లు, గది తలుపునకు తాళము, దోమతెర ఆమె పేర్కొన్నది. దోమతెర ఎంత విలువైనదో ఆమెకే తెలియదు.

అది తెలిసినది ఎచ్చటననుకొన్నారు? మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసు అను సైనిక వైద్యుఁడు, హుసేను ఖాను అను రోగిని కుట్టిన దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలోఁ జూచి, జ్వరబీజమును కనుఁగొనెను. కుట్టించుకొన్నందుకు ఆ రోగికి దోమ యొక్కింటికి ఒక అణా కూలి యిచ్చిరి! మఱుసటి యేఁడు ఇటలీలోనే గ్రాసీ అను శాస్త్రజ్ఞుఁడు మనుష్యులకు ఈ జ్వరమును తెచ్చునది ఏ జాతి దోమయో నిరూపించెను. 1930 ప్రాంతమున రోమునకు దక్షిణపు బురదనేలల నీటిని కాలువలు త్రవ్వి సముద్రములోనికిఁ బాఱించిరి. 1970లో ఇటలీ మలేరియా లేని దేశముగాఁ బ్రకటింపఁబడెను. వ్యాధి పోయినను పాత నియమము చెల్లుచునే యున్నది. జూలై, ఆగస్టు మాసములలో రోమునఁ గాయు ఎండ మన రోహిణికార్తెను తలపించును; పైపెచ్చు ఆగస్టు 15 ఆగస్టసు చక్రవర్తినాఁటి పండుగ, ఆ దినములలో అంగడులు పెక్కు మూసి యజమానులే సముద్రతీరమునకుఁ బోవుదురు. ఏప్రిలు, మే మాసములు గాని, సెప్టెంబరు నడిమినుండి అక్టోబరు కడవఱకు గాని మన వయస్సువారికి అనుకూలము.

పత్రముల సంగతి త్వరగాఁ జెప్పెదను. 1861కి ముందు ఇటలీ ఒక్క దేశము గాదు; ఎల్ల దాఁటినపుడెల్ల అనుమతి వేఱు, నాణెము వేఱు. 1786లో జర్మను కవి గేటే గార్డా సరస్సు ఒడ్డున మాల్చెసినే అను ఊర శిథిలమైన కోటను బొమ్మ గీయుచుండఁగా, శత్రువుల వేఁగువాఁడని జనము మూఁగిరి. వారిలో ఒకఁడు బొమ్మను చింపివేసెను. లోఁగడ ఫ్రాంక్‌ఫర్టులోఁ బనిచేసిన యొకఁడు వచ్చి మంచిమాట చెప్పినఁగాని ఆయనను విడువలేదు. మనకంత భయము లేదు. షెంగెన్ వీసా ఒక్కటి 29 దేశములకుఁ జెల్లును. ప్రయాణమునకు ఆరు మాసముల ముందునుండి పదునైదు దినముల ముందువఱకు దరఖాస్తు చేయవచ్చును. ఏ దేశములో ఎక్కువ దినములుందురో ఆ దేశమువారికే చేయవలెను. 180 దినములలో 90కి మించి యుండరాదు. కనీసము 30,000 యూరోల వైద్యవ్యయమునకు బీమా కావలెను. ఈ బీమాను ఖర్చని తలఁపవలదు.

భాషకు వెఱవకుఁడు. మన మాటలవలెనే వారి మాటలును అచ్చులతో ముగియును. అందుచేతనే తెలుఁగును ప్రాగ్దేశపు ఇటాలియను అనిరి. రెండు దినములలో వీధుల పేర్లు నోటఁ బలుకును. దేవాలయములలో భుజములును మోఁకాళ్లును కప్పుకొనవలెను. మన పంచెయు, చీరయు అందుకు సరిపోవును. కాఫీ నిలుచుండి త్రాగినచో ధర తక్కువ, కూర్చుండినచో ఎక్కువ. ప్రాంతీయపు రైళ్ల కాగితపు టిక్కెట్టుపై ఎక్కక ముందే యంత్రమున ముద్ర వేయింపవలెను, లేనిచో జరిమానా.

నీటికిఁ బైకము పెట్టనక్కఱలేదు. రోము వీధులలో 1874 మొదలు నిలిపిన ఇనుపకొళాయిలు వేలకొలఁది కలవు. వంకరగా ముక్కువలెనున్న గొట్టమునుండి చల్లని నీరు రేయుఁబగలు పాఱుచుండును. గొట్టము మూతిని వ్రేలితో మూసినచో పైనున్న చిన్న రంధ్రమునుండి నీరు ఎగఁజిమ్మును; వంగకయే త్రాగవచ్చును. ఈ యుపాయమును వీధినూడ్చు ముదుసలి యొకఁడు నాకుఁ జూపెను. మా అబ్బాయి సీసాల నీరు కొనుట ఆనాఁటితో మానెను.