కత్తిమీది ఉడుత



చాలకాలము బడిపిల్లలకు అక్షరములు నేర్పినవాడను. రాతిమీది శాసనమైనను, ఇనుముమీది ముద్రయైనను చదువదగినదే యని నా నమ్మకము. ఈ దినమున ఒక చిన్న కత్తిని చదివిన వృత్తాంతము మనవి చేసెదను.

కొంతకాలము క్రిందట గుడివాడనుండి దివిసీమకు పోయి, పూర్వము నాయొద్ద చదువుకొన్నవాని యింట బస చేసితిని. ఎనుబదియేండ్ల యింటిపెద్ద యొక పాత ఇనుపపెట్టె తెరచెను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో ఇల్లు కొట్టుకొనిపోగా మిగిలిన పెట్టె యది. అందుండి ఒరతోడి కత్తి నొకదానిని తీసి, "పంతులుగారూ, ఇది బందరుకోటలో పరాసులు విడిచిపోయిన బాయొనెట్టని మా మేనత్త చెప్పెడిది. దీనిమీద రాములవారి ఉడుత కూడ నున్నది" అనెను. కోటకత్తి యని పెద్దలెవరైన వ్రాసియిచ్చినచో మంచి వెల యిచ్చెదనని యొక వర్తకుడు చెప్పెనట. ఆ వ్రాత నన్ను వ్రాయుమని వారి కోరిక.

బందరుకోట కథ సత్యమే. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును బందరున వర్తకమునకు దిగిరి. 1750లో పట్టణము పరాసుల చేజిక్కెను. 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఫోర్డు దొర కోటపై బడగా, కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను. ఆ కాలమున బాయొనెట్లును గలవు. అయితే నాటి బాయొనెట్టునకు పిడి యుండదు. తుపాకిగొట్టమునకు తొడుగుటకు ఇనుపగొట్టమును, దానినుండి వంగిన మెడయు, మూడంచుల పోటుముక్కయు నుండును. నా చేతికి వచ్చిన కత్తికో, నల్లని గళ్లపలకలు బిగించిన పిడియు, పక్షితలవంటి పిడికొనయు గలవు. ఇది 1759 నాటిది కానేరదు.

భూతద్దము తెప్పించి రేకు మొదట చూచితిని. ఉడుత యున్నమాట నిజమే. కాని యది ఇసుక మోయుటలేదు, ఖడ్గము పట్టుకొని కూర్చున్నది. ప్రక్కన ఐక్‌హార్ను, జోలింగెను అను పేర్లు. జోలింగెను జర్మనీలో వుప్పరు నది దాపునగల కత్తుల పట్టణము. ఆ నదీజలముతో సానరాళ్లు త్రిప్పి ఎన్నో తరములు కత్తులు చేసినవారు వారు. మన బందరులడ్డునకు ఊరి పేరే గుర్తింపైనట్లు, 1938లో జోలింగెను పేరునకును చట్టరక్షణ కలిగెను. జర్మనుభాషలో ఉడుతను ఐక్‌హోర్న్‌ఖెన్ అందురు. ఐక్‌హార్ను అను కర్మాగారమువారు తమ యింటిపేరునకు దగ్గర యగుటచేత దానిని ముద్రగా గొనిరి. ఖడ్గధారియగు ఉడుత 1930 తరువాతి దశాబ్దపు కత్తులపై విరివిగా కానవచ్చును.

అయినను ఒక్క ముద్రను నమ్మి తీర్పు చెప్పరాదు. పూర్వము ఐరోపా రేకులకు మన పిడులు తొడిగి ఫరంగీ లనిరి. పాసౌ, జోలింగెను కమ్మరుల తోడేలు ముద్రను ఇతరులును అనుకరించిరి. కావున పిడి, ఒర, రేకు అన్నియు ఏకవాక్యముగా సాక్ష్యము పలుకవలెను. యుద్ధమునకు సర్కారిచ్చిన జర్మను బాయొనెట్టుపై రేకునను ఒరమీదను అంకెలును, తనిఖీదారుల చిన్న ముద్రలును ఉండును. దీనిమీద అట్టివేవియు లేవు. రేకునకు తళతళలాడు నికెలు పూత. ఉప్పునీటివలన ఒర త్రుప్పుపట్టినను, నల్లరంగు పెళ్లలు మిగిలియున్నవి. ఇది సిపాయి తన సొంత సొమ్ముతో కొని, సెలవునాడు ఊరిలోనికి పోవునప్పుడు నడుమున వ్రేలాడగట్టు అలంకారపు బాయొనెట్టు.

ఈ మాట చెప్పగా పెద్దాయన చాలసేపు పలుకలేదు. అన్నేండ్లు ఊరివారికి చెప్పిన కథను నేను ఒక్క పూటలో చెరిపితిని గదా యని నా మనస్సు కుందెను. పిమ్మట ఆయన పెట్టె యడుగునుండి నీటిచారలు పడిన కాగిత మొకటి తీసెను. అది ఆయన తండ్రికి మద్రాసు శాపర్ల పటాలము ఇచ్చిన విడుదల కాగితము. రెండవ ప్రపంచయుద్ధమున ఆ పటాలమువారు ఆఫ్రికాలోను ఇటలీలోను వంతెనలు కట్టిరి, మందుపాతరలు తీసిరి. "మా నాయన యుద్ధపు మాట యెత్తినచో లేచిపోయెడివాడు. అందుకే మా మేనత్త ఈ కోటకథ చెప్పినదేమో" అని, కత్తిని ఒరలో నుంచి, "పరాసువాని కత్తి యైన అమ్ముదు ననుకొంటిని. మా నాయన తెచ్చినదానిని ఎట్లు అమ్ముదును పంతులుగారూ?" అనెను.

వర్తకుడు కోరిన వ్రాత నేను వ్రాయలేదు. చూచిన ముద్రలను, తండ్రిగారి పటాలము పేరును ఒక కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచితిమి.

పెద్దలకు నా మనవి యొక్కటే. దసరాకు ఆయుధపూజ యని పాత కత్తులను చింతపండుతోను ఇటుకపొడితోను తోమకుడు. తళుకు వచ్చును గాని అక్షరము పోవును. పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె సన్నగా పూయుడు. ముద్రపై పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు పడును. దానిని దాచుడు. ఆ వస్తువును ఇంటికి తెచ్చిన వారెవరో, మీకు తెలిసినంతవరకు, దాని ప్రక్కనే వ్రాసిపెట్టుడు. మీ వెనుకటివారు దానిని చదువుకొందురు.