రెండు పేర్ల అమ్మాయిలు

దేవరకొండ వైపు నాకు తెలిసిన ఒక అమ్మాయికి రెండు పేర్లు. ఆదివారం చర్చిలో ఒకటి, కాలేజీ రిజిస్టరులో ఇంకొకటి. ఏ పేరుతో పిలవాలని అడిగితే, ‘ఏడున్నమో చూసి పిలువు అక్కా’ అంది. దీన్ని అవకాశవాదం అనేవాళ్ళున్నారు. ఒకప్పుడు నేనూ అన్నాను.

నిజాం కాలంలో నల్లగొండకు బాప్టిస్టులు, ఆ తర్వాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తికి మెనోనైట్ బ్రదరెన్ మిషనరీలు వచ్చారు. ఎక్కువగా కదిలింది మాల, మాదిగ వాడలే. బైబిలు స్త్రీలుగా ఊరూరూ తిరిగిన ఆడవాళ్ళు పుస్తకాన్ని గడప లోపలికి తెచ్చారు. మన సాహిత్య చరిత్రల్లో వాళ్ళ ఊసే ఉండదు. వాళ్ళ మనవరాళ్ళకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డొచ్చింది. షెడ్యూల్డు కులమంటే హిందువులేనన్న ఆ నిబంధనను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు లేదు. విశ్వాసం కాగితం మీద కెక్కితే 15 శాతం కోటా నుంచి బి.సి.-సి ఒక్క శాతంలోకి జారాల్సిందే. వాడ మాత్రం మారదు.

ముస్లిం అమ్మాయికి 2007లో వచ్చిన బి.సి.-ఇ కోటాతో కాలేజీ కొంత దగ్గరైంది. కానీ ఆమెకు రెండో పేరు లేదు. అద్దె ఇంటి గుమ్మంలో ఉన్న ఒక్క పేరే చెప్పాలి. నల్లగొండ కవి స్కైబాబ ‘జల్‌జలా’ (1998), షాజహానా ‘నఖాబ్’ (2005) వచ్చాక ఈ బతుకులు తెలుగు కవిత్వంలో కనిపించాయి. ‘నఖాబ్’ గురించి నేను క్లాసులో మాట్లాడిన రోజు అందరూ బురఖా గురించే అడిగారు. అద్దె ఇంటి సంగతి ఒక్కరూ అడగలేదు.