పన్నెండేండ్ల బాలుడు - పేటెంటు హక్కు

హుస్సేన్ సాగరులో తెరచాప పడవల పందెములు చూచిన బొల్లారం విద్యార్థులు ఒక సంగతి ఆలోచింపవచ్చును. పలకపై తెరచాప నిలిపి, ఒక్కడే నిలుచుండి నడుపు సాధనమును కనిపెట్టినదెవరు?

1968లో అమెరికాలో హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్‌లు దానికి పేటెంటు కోరిరి. స్తంభము ఎటైనను వాలునట్లు ఒక కీలు, తెరచాపకు ఇరువైపుల వంపు బద్దలు: ఇదియే వారి కల్పన. బ్రిటనులో టేబర్ మెరైన్ సంస్థపై వ్యాజ్యము నడచినపుడు చిత్రమైన సాక్ష్యము వెలువడెను. 1958లోనే పీటర్ చిల్వర్స్ అను పన్నెండేండ్ల బాలుడు హేలింగ్ దీవి తీరమున, అందరు చూచుచుండగా, అట్టి పలకను నడిపెను! అతని బద్దలు తిన్ననివి. కాని గాలి నిండగనే అవియు వంగెడివి. 1965లో న్యూమన్ డార్బీ వ్రాసిన వ్యాసమొకటి కూడ ఉండెను.

1985లో ప్రచురితమైన తీర్పున అప్పీలు న్యాయస్థానము నాలుగు మెట్లు ఏర్పరచెను. కల్పన సారమేమి? ఆనాటి నిపుణుని కేమి తెలియును? పాతదానికి, దీనికి తేడా ఏమి? ఈ కల్పనను ఎరుగనట్లే భావించినచో, ఆ తేడా అతనికి సులభముగ తట్టునా? కష్టమంతయు నాలుగవ మెట్టుననే గలదు. విడుపు తెలిసిన పొడుపుకథ ఎవరికి కష్టము? వంపు బద్దలు పడవవారికి పూర్వమే తెలిసినవి గనుక పేటెంటు చెల్లలేదు.

మన సుప్రీం కోర్టు కూడ 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ వ్యాజ్యమున, పాత్రల తయారీ సాధనమునకు పొందిన పేటెంటును ఇట్టి కారణముననే త్రోసిపుచ్చెను.