లీటరుకు ఎన్ని నిమిషాలు?

గత శీతాకాలంలో కుటుంబ సమేతంగా లక్నవరం చెరువుకు వెళ్ళివచ్చాను. అక్కడ మెల్లగా తిరిగే పెద్ద పడవ ఒకటి, నీళ్ళు చిమ్ముతూ దూసుకుపోయే స్పీడు బోటు ఒకటి కనబడ్డాయి. మా అమ్మాయి రెండవదే కావాలన్నది. నా చూపు మాత్రం పడవ నడిపే అబ్బాయి చేతిలోని పెట్రోలు డబ్బా మీద పడింది. అది ఎంతసేపు వస్తుందని అడిగాను.

"మెల్లగ పోతే మస్తుసేపు నడుస్తది సార్. గట్టిగ తోలితే గిట్ల పోయి గట్ల వచ్చేసరికి ఒడుస్తది" అన్నాడు.

ఆ మాట నన్ను వర్ధన్నపేట దగ్గరి మా ఊరికి, మా బాపు బావి గడ్డకు తీసుకుపోయింది. మా పొలానికి చెరువు నీరు ఎక్కేది కాదు. ఐదు అశ్వశక్తుల ఆయిలింజనుతో బావి నీరు తోడేవాళ్ళం. అది గంటకు ఇంచుమించు లీటరు డీజిలు తాగేది. ఏ మడికి ఎంతసేపు పారిందో బాపు ఇంజను కొట్టం గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. ఒక గీత ఒక గంట, ఒక గంట ఒక లీటరు. ఆ గోడను చూస్తూ పెరిగినవాడిని కనుక, పడవ ఎక్కినా లెక్క వదలలేదు. ఇంటికి వచ్చి ఆ లెక్క చరిత్రను కొంత వెదికాను. ఈ టపా దాని ఫలితమే.

పడవకూ ఇంధనానికీ గల లెక్క మన ప్రాంతంలో గోదావరి మీద మొదలయింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ రైళ్ళ కంటె జలమార్గాలే భారతదేశానికి మేలని జీవితాంతం వాదించాడు. సరుకు నీటిపై నెమ్మదిగా సాగినా చవకగా సాగుతుందన్నది ఆయన వాదనకు మూలం. ఆయన లెక్క టన్నుకు, మైలుకు ఎంత అన్నది. ఆ ఆశతోనే ఎగువ గోదావరిని పొగపడవలకు అనుకూలం చేసే పని దుమ్ముగూడెం వద్ద ఆరంభమయింది. ఖర్చు పెరిగింది, రాతి అడ్డంకులు తరగలేదు. 1871లో ఆ పనులను ఆపివేశారు.

విచిత్రమేమంటే, అదే 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొన్నాడు. ఆనాడు అది నిజాం రాజ్యంలోని వరంగల్లు ప్రాంతమే. ఖమ్మం ప్రత్యేక జిల్లా అయినది 1953లో. ఒక టన్ను బొగ్గు ఇచ్చే వేడికి దాదాపు రెండు టన్నుల కట్టె కావాలి. పడవలో ఇంధనం పెరిగినకొద్దీ సరుకుకు చోటు తగ్గుతుంది. గోదావరి పొగపడవకు దగ్గరలోనే బొగ్గు దొరికేనాటికి దాని దారి మూసుకుపోయింది. ఆ బొగ్గు చివరికి రైలుకే ఉపయోగపడింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఇంగ్లండులోని టార్కీలో విలియం ఫ్రూడ్ ఒక పొడవాటి నీటి తొట్టి కట్టించి, 1872 నుంచి అందులో పడవల నమూనాలను లాగి పరీక్షించసాగాడు. పడవ ఇంధనం ఎక్కడికి పోతుందో తేల్చినవారిలో ఆయన ముఖ్యుడు. కొంత నీటి రాపిడికి పోతుంది. వేగం పెరిగేకొద్దీ ఎక్కువ భాగం అలలను లేపడానికే పోతుంది. పడవ వేగంతో పాటు అది లేపే అల పొడవు పెరుగుతుంది. ఆ అల పడవ అంత పొడవయినప్పుడు, పడవ తాను లేపిన అలను తానే ఎదురెక్కవలసివస్తుంది. ఐదు మీటర్ల పడవకు ఆ హద్దు గంటకు సుమారు 10 కిలోమీటర్లు. ఆ లోపల వేగాన్ని సగం చేస్తే కావలసిన శక్తి ఉజ్జాయింపుగా ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఆ హద్దును దాటే ఉపాయం ఒకటున్నది. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించాము కదా! అలాగే పడవ నీటిని చీల్చడం మాని నీటిపై జారాలి. దానికి బలమైన ఇంజను కావాలి. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన, పడవ వెనుక తగిలించే ఇంజను శక్తి ఒకటిన్నర అశ్వశక్తి మాత్రమే. తరువాతి తరాలలో అది పదులు, వందలు దాటింది. పాత టూ-స్ట్రోకు ఇంజన్లలో పోసిన ఇంధనంలో పాతిక శాతం దాకా మండకుండానే బయటికి, అంటే నీటిలోకి, పోయేది. చమురు సంక్షోభం నీడలో 1980లో అమెరికా ప్రభుత్వం, అత్యవసరమైతే వారాంతాలలో వినోదపు మోటారు పడవలను ఆపాలని ప్రతిపాదించింది. పడవల వారు గగ్గోలు పెట్టారు. అది అమలు కాలేదు. 1996 నాటి కాలుష్య నియమాల తరువాత ఫోర్-స్ట్రోకు ఇంజన్లు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

ఇక మన లక్నవరం లెక్క. నలభై అశ్వశక్తుల ఫోర్-స్ట్రోకు పెట్రోలు ఇంజను అనుకుందాం. పూర్తి వేగంతో నడిపితే గంటకు దాదాపు 12 లీటర్లు ఖర్చవుతుంది. గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుంటే లీటరుకు మూడు కిలోమీటర్ల పైచిలుకు. అదే పడవ నడక వేగానికి కొంచెం ఎక్కువగా సాగితే గంటకు ఒకటి, ఒకటిన్నర లీటరు చాలు. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు వస్తాయి. కిలోమీటర్లలో చూస్తే తేడా పెద్దది కాదు. ఇక్కడే నేను తడబడ్డాను.

కాని వినోదపు పడవ ఏ ఊరికీ పోదు. ఎక్కిన ఒడ్డుకే తిరిగివస్తుంది. దానికి కాటన్ దొర లెక్క పనికిరాదు, మా బాపు లెక్కే పనికివస్తుంది. పూర్తి వేగంలో లీటరుకు ఐదు నిమిషాలు. మెల్లగా పోతే నలభై నిమిషాలు. పూర్తి వేగంలో ఒక గంట తిరిగితే, మా ఇంజను పది పన్నెండు గంటలు నీరు తోడేటంత ఇంధనం కరిగిపోతుంది.

ఈ చెరువు కాకతీయుల నాటిది. తూము ఎత్తితే నీరు పల్లానికి తనంత తానే పారుతుంది. చుక్క చమురు అక్కరలేదు. ఇటువంటి చెరువు కింద అర ఎకరం ఉంటే చాలునని కోరుకున్న మనిషి మా బాపు. ఆ నీటి మీదనే ఈనాడు మేము సరదాకు పెట్రోలు కాలుస్తున్నాము. తప్పని అనను, సంతోషానికీ ఒక వెల ఉంటుంది. ఆ వెల తెలిసి చెల్లించాలంటాను, అంతే.

అమ్మాయి స్పీడు బోటు ఎక్కింది, నేనూ ఎక్కాను. కాసేపట్లో దిగిపోయాము. తరువాత పెద్ద పడవలో తీరికగా ఇంకొకసారి తిరిగాము. దీవుల మీది చెట్లు, కట్ట రాళ్ళు, నీటికాకులు రెండవసారే కనబడ్డాయి. "మొదటిసారి ఇవెక్కడున్నాయి నాన్నా?" అని అడిగింది అమ్మాయి.